చక్రంలో సున్నా ఎక్కడ?

వృత్తంలో మూడు వందల అరవై డిగ్రీలు ఎవరు పెట్టారని మీరు ఎప్పుడైనా అడిగారా? బడిలో కోణమానిని మొదటిసారి చేతికొచ్చిన రోజున, దాని అంచు మీది సన్నని గీతలను చూసి, ఇవి ఇన్నే ఎందుకుండాలి, వంద ఎందుకు కాకూడదు అని మీ టీచరును నిలదీశారా? నిలదీసి ఉండరు. నేనూ నిలదీయలేదు. అడగకుండా మింగిన ఆ లెక్కే నన్ను మా బాపు కళ్ళ ముందు నుంచి తప్పించింది. చదువు మాన్పించి ఊరు దాటించబోయింది కూడా. ఆ గండం తప్పి ఎన్నో ఏళ్ళయినా, తలుచుకున్నప్పుడల్లా నెత్తి మీది బరువు ఎవరో దించినట్టు ఇప్పటికీ ఊపిరి తేలికవుతుంది.

ఇదంతా రాయడానికి కూర్చోబెట్టింది మొన్నటి ఇచ్చోడ ప్రయాణం. మా తమ్ముని కొడుకు శేఖర్‌కు ఆడపిల్ల పుట్టింది. తొలి కాన్పు కాబట్టి కోడలు లావణ్య తల్లిగారింట్లో, ఇచ్చోడలో ఉంది. శేఖర్ దుబాయి నుంచి కొద్దిపాటి సెలవు మీద బిడ్డను చూసుకోవడానికి వచ్చాడు. నేను కరీంనగర్‌లో బస్సెక్కి, నిర్మల్‌లో దిగి పాప కోసం చెక్క చిలుక ఒకటి కొని, బస్సు మారి మధ్యాహ్నానికి చేరాను. ముందు గదిలో శేఖర్ మంచం మీద కూర్చుని ఫోన్ చూస్తున్నాడు. ఫోనులో పాప కనిపిస్తోంది. వెనుక గదిలో పాప ఏడిస్తే ఆ ఏడుపు నాకు రెండుసార్లు వినబడింది, ఒకసారి గోడ అవతలి నుంచి, ఒక క్షణం ఆలస్యంగా ఫోనులో నుంచి.

"ఏందిరా అల్లుడా, గోడవతల ఉన్న పిల్లను ఫోన్ల చూసుడేంది?" అన్నాను.

"కోపం జేయకు అత్తమ్మా. మూల నచ్చత్రం, మొదటి పాదమట. తండ్రికి గండం. గా నచ్చత్రం మళ్ళ తిరిగొచ్చి శాంతి చేసేదాంక ఎదురుంగ మొఖం చూడొద్దట."

"ఫోన్ల చూడొచ్చునా?"

"ఫోన్ల దోషం లేదట. అడిగిన."

"ఎవరిని అడిగినవు?"

"ఫోన్లనే."

నవ్వాలో కొట్టాలో తెలియలేదు. అతనేమో స్క్రీను మీద వేలితో గీకి, పుట్టిన గడియకు చంద్రుడున్న చోటును చూపించాడు. రెండు వందల నలభై ఒకటి డిగ్రీలు, పాయింటు, ఆ తర్వాత మరో రెండు అంకెలు. "సూడు అత్తమ్మా, పాయింట్ల లెక్క గూడ ఇచ్చిండ్రు. గింత కచ్చితంగ ఎవరన్న ఊకెనే చెప్తరా?" అన్నాడు. సెలవు ఎప్పటిదాకా ఉందని అడిగాను. వచ్చే వారం పోవాలన్నాడు. మరి శాంతి ఎప్పుడంటే తల వంచుకుని, "నేను పోయినంకనే వస్తది," అన్నాడు. అంటే బిడ్డను ఒక్కసారైనా ఎత్తుకోకుండానే విమానం ఎక్కుతాడు. మళ్ళీ సెలవు దొరికేనాటికి ఆ పిల్ల నడుస్తూ ఉంటుంది. వెనుక గదిలో నుంచి లావణ్య, "అత్తమ్మా, మీరన్న చెప్పుండ్రి, నా మాట ఇంటలేడు," అంది. ఆ గొంతులో ఏడుపు కంటే విసుగే ఎక్కువ ఉంది.

నాదీ అదే నక్షత్రం, అదే పాదం. శేఖర్‌కు ఆ సంగతి తెలియదు, మా ఇంట్లో దాన్ని మళ్ళీ ఎవరూ ఎత్తలేదు కాబట్టి. ఆ మధ్యాహ్నం అతనికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మా చిన్నప్పటి ఇల్లు మెట్‌పల్లిలో. రెండు గదులు, ఒక వాకిలి. నేను, తమ్ముడు, అమ్మానాన్నలు. బాపు సాంచాల మీద పని చేసేవాడు. మరమగ్గాలను మేము సాంచాలంటాం, నాన్నను బాపు, అమ్మను అవ్వ. అవ్వ గడపలో కూర్చుని, ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. తడిపిన తునికాకు వాసన, తంబాకు ఘాటు ఇంట్లో పరుపులకూ పప్పుచారుకూ కూడా పట్టి ఉండేవి. బయటి ఊళ్ళో ఎవరింట్లోనైనా అన్నం తింటే అందులో ఏదో తక్కువైనట్టు తోచేది నాకు. బాపు పని దిగి వచ్చేసరికి కనుబొమల మీద, చెవుల మీది వెంట్రుకల మీద తెల్లటి నూగు పేరుకుని ఉండేది. వాకిట్లోకి ముసలివాడు వచ్చేవాడు, వేడి నీళ్ళు పోసుకున్నాక లోపలికి పడుచువాడు నడిచేవాడు. చాయ గ్లాసు పట్టుకుని గోడకు ఆనుకుని, "ఏం సదివినవు బిడ్డా ఇయ్యాల, జర చెప్పు, ఇంట," అనేవాడు. ఆయన చదువు మూడో తరగతితో ఆగింది. నేను చెప్పేది అర్థమవుతోందా లేదా అన్న చింత ఆయనకు లేదు. నా నోట్లో నుంచి పుస్తకం మాట వస్తుంటే సాంచా చప్పుడు చెవుల్లో నుంచి దిగిపోయినట్టుండేదట.

నేను పుట్టినప్పటి ముచ్చట అవ్వ ఎన్నిసార్లో చెప్పింది, భయంగా కాదు, మురిపెంగా. మూల నక్షత్రంలో పుట్టిన పిల్ల ముఖాన్ని తండ్రి నేరుగా చూడకూడదని మా దిక్కు ఆచారం. శాంతి చేసిన రోజున ఇత్తడి తాంబాలంలో నువ్వుల నూనె పోసి బాపును దాని ముందు కూర్చోబెట్టారట. వెనుక నుంచి అవ్వ నన్ను ఆయన భుజం మీదుగా వంచితే, నూనెలో నా ముఖం చూశాడట. "నూనెల నీ ముక్కు గుమ్మడికాయంత అవుపడ్డది. ఓరి దేవుడా, దీనికి మొగుణ్ణి యాడ తేవాలె అనుకున్న," అని బాపు నవ్వించేవాడు. ఆ కథలో విషముందని నాకు తెలియదు. తాంబాలం, నూనె, అందరి నవ్వులు, అంతే.

ఇంటరు మొదటి ఏడాదిలో ఉండగా బాపుకు దగ్గు పట్టుకుంది. సాంచాల షెడ్డులో అందరికీ దగ్గే కాబట్టి మొదట ఎవరూ పట్టించుకోలేదు. మందుల దుకాణం వాడిచ్చిన ఎర్రటి మందు తాగాడు. అవ్వ మిరియాల కషాయం కాచింది. చలికాలం పోయినా దగ్గు పోలేదు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది, అంగీ వదులైంది. అప్పుడు అవ్వ అయ్యగారిని పిలిపించింది. మా తాత కాలం నుంచి మా ఇంటికి వస్తున్న పురోహితుడాయన. మనిషి చెడ్డవాడు కాదు. నాకు పద్యాలు నేర్పింది ఆయనే, పరీక్ష పాసయితే అందరికంటే ముందు అడిగి తెలుసుకునేదీ ఆయనే. పంచాంగం ముందేసుకుని చాలాసేపు వేళ్ళు మడిచి లెక్క చూశాడు. పిల్ల రాశి సరిహద్దు దాటి ఒక్క డిగ్రీ మీద పుట్టింది, మొదటి పాదం, తండ్రికి కీడు, అప్పటి శాంతిలో ఏదో లోపం జరిగిందన్నాడు. బాపు నెమ్మదిగా, "గీ పిల్ల ఏం జేసింది అయ్యగారూ," అన్నాడు. "చేసుడు కాదు పటేలా, పుట్టుడే," అన్నాడాయన. బాపు బాగయ్యేదాకా ఎదురుపడొద్దు, వీలైతే బొంబాయి దగ్గర భివండిలో ఉన్న చిన్నమ్మ దగ్గరికి పంపండి అని చెప్పి చాయ తాగి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి ఇంట్లో కొత్త పద్ధతి మొదలైంది. బాపు సందు మలుపు దగ్గర సైకిల్ గంట కొట్టేవాడు. గంట వినగానే నేను పుస్తకం ఎత్తుకుని వెనుక గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకోవాలి. ఆయన స్నానం, చాయ, అన్నం అయ్యి పడుకున్నాకే నేను బయటికి రావాలి. "ఏం సదివినవు బిడ్డా" అనే మాట ఆగిపోయింది. ఒకటి రెండు రోజులు ఆయన తలుపవతలి నుంచి అడిగాడు, నేను జవాబు చెప్పబోతే అవ్వ, "మాట గూడ వద్దు, ఎందుకైన మంచిది," అని ఇద్దరినీ ఆపింది. అవ్వను నేను తప్పు పట్టను. మొగుడు కళ్ళ ముందు తరిగిపోతుంటే మనిషి దేన్నైనా పట్టుకుంటుంది. అన్నిటికంటే ఘోరమైన సంగతి ఏమిటంటే, నేనూ నమ్మాను. గోడకు చెవి ఆనించి దగ్గు వినేదాన్ని. ప్రతి దగ్గూ నా వల్లే వస్తోందనిపించేది. భివండికి పోతే బాపు బతుకుతాడంటే పోదామనే అనుకున్నాను. చిన్నమ్మకు కబురు పోయింది. కాలేజీలో ఎవరికీ చెప్పలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా లెక్కల సారు త్రికోణమితి మొదలుపెట్టాడు. కరీంనగర్ నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. అంగీ జేబు ఎప్పుడూ చాక్‌పీసు పొడితో తెల్లగా ఉండేది. ఆ రోజు బోర్డు మీద ఏమీ రాయకుండా, "వృత్తంల మూడు వందల అరవై డిగ్రీలు ఎవరు పెట్టిండ్రు?" అని అడిగాడు. వెనుక బెంచీ నుంచి ఎవరో "దేవుడు సార్" అన్నారు. క్లాసంతా నవ్వింది. "దేవునికి వేరే పని లేదా," అని సారు కూడా నవ్వి చెప్పుకొచ్చాడు. వెనుకట బాబిలోను దిక్కు లెక్కలు చేసేవాళ్ళకు అరవైతో లెక్కపెట్టడం అలవాటు. మూడు వందల అరవైని పన్నెండుతో భాగించు, ముప్పైతో భాగించు, శేషం రాదు. లెక్క సుళువని పెట్టుకున్నారు. తర్వాతి కాలంలో కొందరు నాలుగు వందలు చేసి కూడా చూశారు, వృత్తం ఏమీ అనలేదు. "డిగ్రీ తప్పు అంటలేను. అది అలవాటు. అలవాటును అలవాటని తెలుసుకోవాలె, గంతే."

తర్వాత ముందు బెంచీ అమ్మాయిని గాజు ఒకటి అడిగి తీసుకున్నాడు. నా దిక్కు తిరిగి, "మీ బాపు సాంచాల మీద ఉంటడు గదా, నీ సంచిల దారం లేకుంటదా," అన్నాడు. ఉంది. గాజు నడుమ నుంచి అంచు దాకా ఎంత దూరమో అంత దారం తెంపాడు. అది వ్యాసార్ధం. ఆ దారాన్నే గాజు అంచు మీద వంచి పరిచాడు. దారం ఈ కొస నుంచి ఒక గీత, ఆ కొస నుంచి ఒక గీత నడుమ దాకా గీస్తే అక్కడ ఏర్పడే కోణం ఒక రేడియన్. "గాజుకైనా గింతే, ఎడ్లబండి గిర్రకైనా గింతే. గీ కొలతను ఎవరూ తెచ్చి పెట్టలే. చక్రం తన దగ్గర ఉన్న దాంతోని తననే కొలుసుకుంటది." డిగ్రీల్లో అయితే అది యాభై ఏడు మీద కొసరు. అట్లాంటి దారాలు ఆరు పరిచినా చుట్టు పూర్తికాదు, ఇంకొంచెం మిగిలిపోతుంది. పూర్తి చుట్టుకు రెండు పైలు. అందరూ రాసుకుంటున్నారు. నేను రాసుకోలేదు. శేషం రాని పన్నెండు, శేషం రాని ముప్పై, ఇవే గదా అయ్యగారు వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. పన్నెండు రాశులు, రాశికి ముప్పై డిగ్రీలు. భాగహారం సుళువు కావాలని మనుషులు గీసుకున్న గీతకు ఇవతల పుట్టానా అవతల పుట్టానా అని నేను వెనుక గదిలో కూర్చున్నాను.

భివండి ప్రయాణం మాట్లాడటానికి అయ్యగారు వచ్చిన రోజు ఆదివారం. బాపు వాకిట్లో మంచం మీద ఉన్నాడు. నేను తలుపు తీసుకుని బయటికి వచ్చాను. అవ్వ చేతిలోని చాట పక్కన పెట్టి, "లోపలికి నడువు," అంది. నేను పోలేదు. బాపు సైకిలును సీటు మీద తలకిందులుగా నిలబెట్టి, వెనుక చక్రాన్ని గట్టిగా తిప్పాను.

"అయ్యగారూ, గీ చక్రంల సున్నా యాడున్నదో జర చూపెట్టుండ్రి."

ఆయన ముసిముసిగా నవ్వాడు. "గాలి కొట్టే తూటు కాడ అనుకో."

"గా తూటు కంపెనోడు పెట్టింది. చక్రం పెట్టుకోలే."

"నీకు గిదంతా ఎవరు నేర్పిండ్రు?"

సారు చెప్పిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. బాబిలోను, అరవై, గాజు, దారం, రేడియన్. ఆయన అడ్డు తగలకుండా విన్నాడు. విని, "మంచిగనే చెప్పినవు. గని బిడ్డా, కొలత మారిస్తె గీత జరుగుతదా? డిగ్రీలల్ల చెప్పినా, మీ సారు రేడియన్లల్ల చెప్పినా చంద్రుడు ఉన్నకాన్నే ఉంటడు. ఇంకోటి, మీ సారు గూడ దారం యాన్నో ఒక్కకాడ మొదలువెట్టాలె గదా? గా సున్నా ఎవరు పెట్టిండ్రు?" అన్నాడు.

ఆయన చెప్పిన రెండూ నిజాలే. తర్వాతి కాలంలో ఎన్నో వేదికల మీద ఎందరితోనో వాదించాను, ఇంత న్యాయమైన ప్రశ్న వేసినవాళ్ళు కొద్దిమందే. చక్రం తిరిగి తిరిగి నెమ్మదిస్తోంది. అవ్వ నా చెయ్యి పట్టుకుని లోపలికి గుంజుతోంది. అప్పుడు అన్నాను.

"నిజమే అయ్యగారూ, మా సారు గూడ సున్నా పెట్టుకోవాలె. గని ఆయన యాడ పెట్టినా ఎవ్వరికీ దగ్గు రాదు."

ముందు నవ్వింది బాపు. ఎన్నో రోజుల తర్వాత ఆయన నవ్వు చూశాను, ఎదురుగా. ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది, దగ్గు ఆగలేదు. తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నాడు. తీసినప్పుడు దాని మీద ఎర్రగా ఉంది. అవ్వ, "తంబాకు మరకనేమో," అంది, తనకు తానే చెప్పుకున్నట్టు. బాపు బీడీ కాల్చడు.

అయ్యగారు చాలాసేపు ఆ తువ్వాల వైపే చూశాడు. పంచాంగం మడిచి సంచిలో పెట్టుకున్నాడు. "నచ్చత్రం యాడికీ పోదు. దవాఖాన్ల డాక్టరు పొద్దుగాలనే ఉంటడు. రేపు తొలి బస్సుకు కరీంనగర్ తీస్కపోండ్రి. పిల్లను గూడ తోల్కపోండ్రి, రాసుడు సదువుడు తెలిసినోళ్ళు ఒకలు ఉండాలె," అన్నాడు. ఓడినట్టు మాట్లాడలేదు. ఆ ఇంటి మంచి కోరేవాడిలాగే మాట్లాడాడు. ఆ ఒక్క మాట వల్లే ఆయన మీద కోపాన్ని ఇన్నేళ్ళుగా నేను ఉంచుకోనూ లేకపోతున్నాను, వదులుకోనూ లేకపోతున్నాను.

దవాఖానలో తెమడ పరీక్ష చేశారు. క్షయ అన్నారు. ఆ మాటకు అవ్వ నేల మీద కూలబడితే, డాక్టరమ్మ లేపి, మందులు నడుమ ఆపకుండా మింగితే నయమయ్యే జబ్బని రెండుసార్లు చెప్పింది. బాపు బెరుకుగా, "పిల్ల నచ్చత్రంతోని గూడ వస్తదా అమ్మా?" అని అడిగాడు. ఆమె కళ్ళద్దాల మీదుగా చూసి, "నీ పక్క సాంచా మీద దగ్గేటోళ్ళు ఎవరన్న ఉన్నరా?" అంది. ఉన్నాడు, చాలా రోజుల నుంచి. "మరి ఆయనది ఏం నచ్చత్రం?" బాపు ఆలోచనలో పడ్డాడు. నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు పాపం. డాక్టరమ్మ నవ్వి, ఆయనను కూడా పంపమంది. అవ్వకూ తమ్మునికీ నాకూ పరీక్షలు చేసింది, ఏమీ లేదు. ఈ సంగతి తెలిసి అయ్యగారు, "చూసినవా, నిన్ను దూరం పెట్టుడు నీకే మంచిదైంది," అన్నాడు. "అయితే అవ్వను గూడ పెట్టాల్సింది," అన్నాను. ఆయన నవ్వేశాడు. భివండి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

వాన కాలం దాటేసరికి బాపు ఒళ్ళు తిరిగింది. సాంచా పనికి తిరిగి పోయినా, గంట కొట్టే అలవాటు మాత్రం పోలేదు. సందు మలుపు దగ్గర గంట వినబడితే నేను వాకిట్లోకి పరుగెత్తేదాన్ని. ఆయన చాలా ఏళ్ళు బతికాడు. నేను లెక్కల లెక్చరరునై, మూఢనమ్మకాల మీద ఆయన మూడో తరగతి చదువుకు అర్థం కాని వ్యాసాలు రాసి తిట్లు తినడం కూడా చూశాడు. వృద్ధాప్యంలో, మామూలు మనుషుల్లాగా, నిద్రలో పోయాడు. అప్పుడు కూడా నాకు కన్నీళ్ళతో పాటు ఒక నిమ్మళం కలిగింది. ఆయన ఏ దోషమూ నా ఖాతాలో వేయకుండా వెళ్ళాడు.

అప్పటిదాన్నీ ఇప్పటిదాన్నీ పోల్చుకుంటే నాకు ఆశ్చర్యం వేసేది ఒక్కటే. అప్పటి మూఢనమ్మకానికి ఒక ముఖం ఉండేది. అది మా వాకిట్లో కూర్చునేది, చాయ తాగేది, ఎదురు ప్రశ్న వేసేది, తువ్వాల మీద రక్తం చూస్తే చలించేది. దానితో వాదించవచ్చు. ఇప్పటిది శేఖర్ చేతిలో వెలుగుతోంది. పాయింటు తర్వాత రెండు అంకెలతో మాట్లాడుతుంది, ఎదురు అడిగితే వినదు, పసిపిల్ల ఏడుపు వినదు. చంద్రుడున్న చోటును అంత సన్నగా కొలిచింది ఖగోళశాస్త్రం. ఆ చోటుకూ తండ్రి ప్రాణానికీ ముడిపెట్టింది మాత్రం ఎవరో తెలియదు. కొలత కచ్చితంగా ఉంది కాబట్టి ముడి కూడా కచ్చితమే అనుకోవడం చదువుకున్నవాళ్ళు చేసే పొరపాటు. మా అవ్వ చేసిన పొరపాటుకు భయం కారణమైంది, దీనికి ఏ కారణమూ లేదు. దుబాయిలో శేఖర్ చేసేది పైపులు వంచే పని, రోజంతా కోణాలతోనే బతుకుతాడు.

నేను చెప్పడం ముగించాక అతను ఫోను మీది నుంచి కళ్ళెత్తాడు. "తాతకు గిట్లయిందని నాకెవరూ చెప్పలేదు," అన్నాడు. "నువ్వు అడగలే," అన్నాను. శేఖర్ లేచి, ఫోను మంచం మీద బోర్లా పెట్టి, వెనుక గది తలుపు దాకా పోయి ఆగాడు. లోపలి నుంచి లావణ్య, "వస్తే రా, తలుపు కాడ నిలవడితే దోమలొస్తయి," అంది. లోపలికి పోయాడు. పిల్లను ఎట్లా పట్టుకోవాలో తెలియక రెండు చేతులూ పళ్ళెంలా చాపితే, లావణ్య తల కింద చెయ్యి పెట్టడం నేర్పింది. పాప అతని అంగీ తడిపింది. "తండ్రికి గండం అంటే గిదే కావచ్చు," అన్నాడు శేఖర్. గడప దగ్గర నిలబడి చూస్తున్న నాకు, అంత సేపటి నుంచి గట్టిగా బిగబట్టి ఉన్నది ఏదో వదులైంది.

ఇది చదువుతున్న మీ ఇంట్లోనూ, మీ పక్కింట్లోనూ ఒకరి రోగానికో ఒకరి నష్టానికో ఇంకొకరి పుట్టుకను కారణంగా చూపుతూ ఉండవచ్చు. ఆ ఇంకొకరు సాధారణంగా ఎదురు చెప్పలేని ఆడపిల్లే అయి ఉంటుంది. మీకు తెలుసు, తెలిసీ మనకెందుకని ఊరుకున్నారు. ఇక ఊరుకోకండి. పుస్తకం పక్కన పెట్టి లేవండి. ఆ మాట అన్నవాళ్ళ ముందు నిలబడి, ఇంటిల్లిపాదీ వినేటట్టు, అది అబద్ధమని చెప్పండి. ఆ పిల్లను నలుగురిలోకి పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి. దగ్గుతున్న మనిషిని రేపటి తొలి బస్సుకు మీరే దవాఖానకు తీసుకుపోండి.